నాన్న పిల్లనగ్రోవి, తమ్ముడి పేరు

మొన్న మా అమ్మాయి, నానక్‌రామ్‌గూడలో తన ఆఫీసున్న భవనంలోనే కింది అంతస్తులో పాత వాద్యాల మ్యూజియం పెట్టారని పట్టుబట్టి తీసుకెళితే, వీణలూ సారంగీలూ దాటుకుంటూ వెళ్లిన నేను ఒక గాజుపెట్టె ముందు ఆగిపోయాను. రెండు చివరలా వెండి కట్లతో, తేనెరంగు తిరిగిన వెదురుతో, లోపల ఉన్నది మా ముత్తాత నుంచి నాన్నకు వచ్చిన పిల్లనగ్రోవి. పక్కన దాతగా మా తమ్ముడి పేరు.

బాలానగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. డ్యూటీ దిగి, స్నానం చేసి, నాన్న అరుగు మీద కూర్చుని దాన్ని పెదవికి అడ్డంగా ఆనించుకుంటే పక్కింటివాళ్లు రేడియో కట్టేసేవారు. వెదురు ఎండి పగలకుండా నూనె పట్టించడం, లోపలా బయటా మెత్తటి గుడ్డతో తుడవడం నా పని. ఒకనాడు నోటికి ఆనించుకోబోతుంటే నాన్న చూసి, “ఎంగిలి చెయ్యకు బిడ్డా, తమ్ముడు ఊదాలె” అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు. అందుకే ఇప్పటికీ మండుతుంది. ఆ సాయంత్రమే తాను ఊది, తడి కూడా తుడవకుండా తమ్ముడి నోటికి అందించాడు. వాడు నాలుగు రోజులు ఊది, క్రికెట్ బ్యాటు పట్టుకుని పోయాడు. అయినా నాన్న పోయాక అది వాడి బీరువాలోకే చేరింది. నేను చందానగర్‌లోని మా ఇంటి నుంచి వాడింటికి వెళ్లినప్పుడల్లా ఆ బీరువా వైపు చూస్తూ టీ తాగి వచ్చేదాన్ని.

అక్కడే నిలబడి వాడికి ఫోన్ చేశాను.

“ఇచ్చేముందు నాకొక్క మాట చెప్పరాదుర?”

“ఇంట్ల పురుగు పడ్తదని ఇచ్చిన అక్కా. నీకు గంత ఇష్టమని నాకేం ఎరుక? ఎన్నడన్న అడిగినవా?”

“నాన్న నీకిచ్చినప్పుడు నువ్వడిగినవా?”

వాడు “నువ్వు మారవక్కా” అని నవ్వాడు. ఎందుకు మారాలి?

గాజుకు మరీ దగ్గరగా వంగానేమో, కాపలా అతను వచ్చి, “అమ్మా, జర ఎనకకు జరుగుండ్రి” అంటూ నా ఊపిరి తగిలి మసకబారినచోట గుడ్డతో తుడిచాడు.

బీరువాలో ఉన్నన్నాళ్లూ, వాడు ఇంట్లో లేనప్పుడు ఒక్కసారైనా ఊదుకోవచ్చన్న ఆశ ఉండేది. అదీ పోయింది. ఇప్పుడు ఆడపిల్లలు ఎవరి వేణువు వాళ్లు కొనుక్కుని, సంచిలో వేసుకుని, సంగీతం క్లాసులకు వెళుతున్నారు. కాలం మారినందుకు సంతోషమే. కానీ మన ఈడువాళ్ల దగ్గర దాపరికమెందుకు, ఆ పిల్లలను చూసినా నాకు కుళ్లుగానే ఉంటుంది.