బాపు డిజిటల్ డైరీ, అమ్మ కొలతల పుస్తకం

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే బాపు నన్ను పీట మీద కూర్చోబెట్టి చేతిలో డిజిటల్ డైరీ పెట్టేవాడు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా... శనగగింజలంత మీటలు. ఆఫీసులో ఎవరో దుబాయ్ నుంచి తెస్తే ముచ్చటపడి కొన్నాడు.

హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక సందులో ఉండేవాళ్లం. అమ్మ ఇంట్లోనే జాకెట్లు, సల్వార్ సూట్లు కుట్టేది. ఎవరి కొలతలెంత, ఏ రోజుకి ఇవ్వాలి... అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేది. ప్రతి పేజీకీ గుండుసూదితో ఒక గుడ్డముక్క.

"ఇంకెన్ని రోజులు గీ కాయితాలు? గిండ్ల మీట నొక్కితె పేరు అదే వస్తది" అన్నాడు బాపు.

"నాకద్దు" అంది అమ్మ. వింటేగా...

మూడు ఆదివారాలు వేళ్లు నొప్పిపుట్టేలా అరవై మంది కొలతలు ఎక్కించాను. ఒక్క అంకె తప్పు నొక్కితే మళ్లీ మొదటికి!

ఆ తర్వాత బాపు చేసిన ఘనకార్యం... పాత పేపర్లతో పాటు ఆ పుస్తకాన్నీ రద్దీవాడికి తూకానికి వేసేశాడు.

నెల తిరక్కముందే డబ్బాలో సెల్లు అయిపోయింది. కొత్తది వేయించుకొచ్చాడు. డబ్బా వెలిగింది... లోపల ఒక్క పేరు లేదు. సెల్లు తీయగానే అన్నీ చెరిగిపోయాయట.

పక్క సందు షమీమ్ ఆంటీ కూతురు నస్రీన్ పెళ్లి అప్పటికి ఎనిమిది రోజులే ఉంది. నాలుగు సూట్ల గుడ్డ మా ఇంట్లోనే ఉంది. అమ్మ టేపు మెడలో వేసుకుని, "నడువ్" అంది నాతో.

షమీమ్ ఆంటీ విని నెత్తి కొట్టుకుంది. "యే క్యా కర్ డాలే తుమారే మియా! ఏం పని జేసిండు మీ ఆయన! కొలతల బుక్కు రద్దీల ఏస్తరా ఎవలన్న?"

"తప్పైంది ఆపా... మల్ల కొలుస్త."

లోపలి గదిలో పెళ్లికి ముందు కట్టే పసుపు బట్టల్లో ఉన్న నస్రీన్ అక్క లేచి నిలబడింది. అంతకుముందు నెలలో అమ్మ కుట్టిన సూటే... నడుము దగ్గర వేలాడుతోంది. అమ్మ టేపు చుట్టింది. ఆగి, మళ్లీ చుట్టింది.

"రెండించులు తగ్గినవ్ కదనే! తింటలేవా ఏంది?"

అంతే... అక్క అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. కొత్త ఊరు, కొత్త మనుషులు... భయమట. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. ఆ కొలతలు తీసుకోవడానికి అమ్మకి గంటన్నర పట్టింది.

పాత కొలతలతో కుట్టి ఉంటే నాలుగు సూట్లూ వదులయ్యేవి. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే బాపు ముఖం వెలిగిపోయింది.

"సూసినవా? నా డబ్బా మంచిదే చేసింది!"

అమ్మ చూసిన చూపుకి చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నస్రీన్ అక్క సూట్లు వేళకే అందాయి. మిగతా కొలతల కోసం అమ్మా నేనూ వారం పాటు ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో చాయ్... ప్రతి ఇంట్లో బాపు మీద నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇప్పుడు పనులు రాసుకోవడానికే నా ఫోన్లో మూడు యాప్‌లు. బల్ల మీద డైరీ, ఫ్రిజ్ మీద చీటీలు. ఏది ఎందులో రాశానో వెతకడంతోనే సగం రోజు పోతోంది... ఏం సుఖం చెప్పండి! మీ ఇంటికీ ఇలాంటి డబ్బా ఏదో వచ్చే ఉంటుంది... ఎవరిని ఎన్ని తిప్పలు పెట్టిందో కింద రాయండి.

మొన్న నా ఫోన్ పగిలింది. కొత్తదాంట్లో పది నిమిషాల్లో అందరి పేర్లూ తిరిగొచ్చాయి... ఒక్కరి గడప తొక్కే పని కూడా పడలేదు.