తెల్లబడ్డ ప్రధానం ఉంగరం

మా చిన్నప్పుడు జ్వరం వస్తే థర్మామీటర్ పక్క క్వార్టర్ నుంచి అరువొచ్చేది... బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసకంతా అదొక్కటే. ఆ రోజు అది నా నోట్లోంచి జారి గచ్చు మీద పడి ముక్కలైంది. పాదరసం పూసల్లా దొర్లింది.

నా కాలికి గాజు గుచ్చుకుంటుందని అమ్మ నన్ను మంచం దిగనివ్వలేదు. పాదరసం పూసలను వేళ్ళతో తోసి, అరచేతిలోకి ఎత్తి, బయట పారబోసి వచ్చింది.

కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది...

అమ్మ వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఎడమ చెయ్యి కిటికీ వెలుగులో పెట్టి చూస్తోంది. ఆమె ప్రధానం ఉంగరం తెల్లగా ఉంది. పొద్దుటి వరకూ పచ్చగా మెరిసిన బంగారం... కాలి మెట్టెల రంగులోకి వచ్చేసింది.

వెండి నల్లబడుతుంది, రాగి చిలుము పడుతుంది, బంగారం మాత్రం మారదు. అమ్మకు తెలిసిన లోహశాస్త్రం అంతే. చింతపండుతో తోమింది. బూడిదతో తోమింది. తెలుపు పోలేదు.

నాన్న గూడ్సు డ్రైవరు. ముందురోజు కట్నీ వైపు డ్యూటీకి వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా రావాలి. బయట విడవకుండా వాన.

రెండు క్వార్టర్ల అవతల ఒక మామ్మగారు ఎప్పుడూ తెల్లచీరే కట్టుకునేవారు. ఎందుకో నాకు ఎనిమిదేళ్ళకే తెలుసు. అందుకే అమ్మను ఏమీ అడగలేదు.

"ఎవరికీ సెప్పకురా" అంది అమ్మ.

మధ్యాహ్నం దాటింది. నాన్న రాలేదు. రెండో పక్క క్వార్టర్ నరసమ్మత్త నన్ను చూడటానికి వచ్చింది. శ్రీకాకుళం మనిషి, గొంతు పెద్దది.

"ఏటొదినా, ఆ సెయ్యి కొంగులో దాసేవు? లడ్డూ గానీ ఉందేటి?"

"గంజి వార్చినప్పుడు కాలింది."

"బర్నాల్ ఉంది, తెస్తానుండు."

"వద్దొదినా, తగ్గిపోయింది."

"అచ్ఛా, నీ ఇష్టం." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "కట్నీ లైన్లో బళ్ళన్నీ ఆగిపోనాయంట. ఘాట్లో ఏదో అయిందంట. మా ఆయన కనుక్కుంటానని ఎల్నాడు. నువ్వు బెంగెట్టుకోకు."

అమ్మ తల ఊపింది. కొంగులో ఆమె వేళ్ళు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది...

ఆ తర్వాత సందులోకి వచ్చిన ప్రతి సైకిలూ మా కోసమే వస్తున్నట్టుండేది. డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ ఒకసారి వచ్చాడు. అమ్మ గోడ పట్టుకుని నిలబడింది. అతను మా గుమ్మం దాటి ముందుకు వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు కాలిపోతోంది. దాహం వేసినా నీళ్ళు అడగలేదు. నేను మాట్లాడితే ఏదో అయిపోతుందని భయం.

దీపాలు పెట్టే వేళకు నాన్న వచ్చారు. బట్టలన్నీ తడిసి, మోకాళ్ళ దాకా బురద.

"ఏటే, దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావు? లైను మీద సెట్టు పడిపోయింది. అది తీసినంతసేపూ స్టేషన్లో కూకోబెట్టేశారు. ముందు టీ ఎట్టు."

అమ్మ కదలలేదు. నేను ఆగలేకపోయాను.

"నాన్నా, అమ్మ ఉంగరం తెల్లగా అయిపోయింది!"

నాన్న నవ్వలేదు. ఆమె చెయ్యి కొంగులోంచి తీసి చూశారు. చాలాసేపు చూశారు. అంత పెద్ద ఇంజను నడిపే మనిషి మొహంలో భయం చూడటం నాకు అదే మొదటిసారి. తర్వాత ఆయన కళ్ళు గోడవారగా మిగిలిపోయిన ఒక చిన్న పాదరసం పూస మీద పడ్డాయి.

"థర్మామీటర్ పగిలిందేటి?"

"ఊఁ."

"నువ్వే ఎత్తేవా, సేత్తో?"

"ఊఁ."

"అదే ఇది! పాదరసం తాగేసిందే నీ ఉంగరం. నాకేటైపోద్దే?"

అమ్మ అప్పుడు వెళ్ళి పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.

నా జ్వరం తగ్గాక ముగ్గురం గోల్ బజార్ వెళ్ళాం. కంసాలి చూడగానే "పారా లగ్ గయా" అన్నాడు, పాదరసం అంటుకుందని. నిప్పు, పులుసు, చెమట... వేటికీ లొంగని బంగారం పాదరసం తగిలితే చాలు, దాన్ని లోపలికి పీల్చుకుంటుందట. పొగ మంచిది కాదని మమ్మల్ని దూరంగా నిలబెట్టి, ఆరుబయట ఉంగరాన్ని కాల్చాడు. పచ్చదనం తిరిగొచ్చింది. పైన సూది మొనతో పొడిచినట్టు సన్నటి గుంటలు మిగిలాయి. ఇక ఇది పెళుసు, దెబ్బ తగిలితే విరుగుతుందని చెప్పాడు. అమ్మ దాన్ని జాగ్రత్తగా, చివరిదాకా పెట్టుకుంది.

పెళ్ళయిన కొత్తలో ఈ కథ నా భార్యకు చెప్పాను. అందరూ పాదరసం దగ్గర నవ్వుతారు. ఆమె నవ్వలేదు.

"ఆ రోజు అత్తయ్యగారు అన్నం తిన్నారా?" అని అడిగింది.

నాకు తెలియదు. నేను గమనించలేదు...

నిరుడు ఆసుపత్రిలో స్కానింగుకు ముందు నర్సు నా భార్య ఉంగరం తీసి నా చేతిలో పెట్టింది. వరండాలో కూర్చుని గంటల తరబడి దాన్నే చూశాను. రంగు ఏమీ మారలేదు. పచ్చగానే ఉంది. ఆమె మాత్రం తిరిగి ఇంటికి రాలేదు.

ఇప్పటి థర్మామీటర్లలో పాదరసం లేదు. బండి ఏ స్టేషన్లో ఆగిందో ఫోనే చెబుతుంది. ఎదురుచూడటం తేలికైందంటారు... నాకలా అనిపించలేదు.

అమ్మను ఆ ప్రశ్న అడిగే వీలుండగా అడగలేదు. మీ ఇంట్లో అలా ఎదురుచూసినవాళ్ళు ఇంకా ఉంటే, ఆ రోజు అన్నం తిన్నారో లేదో అడగండి. వాళ్ళేమన్నారో ఇక్కడ రాయండి... చదువుతాను.