చోటు చెప్పని పోతురాజు

తెలుగులో చేపలకు ఉన్నన్ని పేర్లు దేవుళ్లకు కూడా లేవేమో. సీతాకోకచిలుకలకు మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే పేరు. పేర్లు పోగేసుకుంటూ ఎన్ని ఊళ్లు తిరిగినా ఈ పిసినారితనమే చూశాను, ఒక్క పోతురాజు ఇంట్లో తప్ప. అతను చేపల పేర్లే పెట్టి పసుపుదాన్ని జెల్ల అనేవాడు, మచ్చల నల్లదాన్ని కొరమేను అనేవాడు.

గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట చేపలూ పీతలూ పట్టి బతికే మనిషి. కూతురు అశ్విని తన పాత ఫోనిచ్చి, పురుగుల ఫొటోలు పెడితే తెలిసినవాళ్లు పేర్లు చెప్పే గుంపులో చేర్చింది. అప్పట్నుంచి ఆరేసిన వల మీద తూనీగ వాలినా ఫొటోయే.

"చేపలు పట్టమంటే పురుగులు పడతన్నాడండి. కూరొండమంటాడేమో," అంది భార్య మరిడమ్మ, నేను మొదటిసారి వెళ్లినప్పుడు.

"నీకంటే నయమే. అవి తిట్టవు," అన్నాడు పోతురాజు.

అతను పీతలు పట్టేది ఊరి వెనక మడచెట్ల తోపులో. దాన్ని నరికించి ఊరి ఆసామి ఆంజనేయరాజుగారు రొయ్యల చెరువు తవ్విస్తారని కబురొచ్చింది. ఆ వారమే తోపులో గోరంత నీలి సీతాకోకచిలుక ఒకటి కనిపించింది. గుంపులో ఫొటో చూసి కాకినాడ లెక్చరర్ హెలెన్ గారు ఫోన్ చేశారు.

"రెక్క అడుగువైపు కనపడాలండి. ఎక్కడుందో మ్యాపులో గుర్తు పెట్టండి. అరుదైనదేనని రుజువైతే ఆ చోటు జోలికి ఎవరూ రాకుండా అర్జీ పెడతాను."

పదకొండు రోజులు మోకాటిలోతు బురదలో నిలబడ్డాడు. పన్నెండో రోజు అది రెక్కలు ముడిచి ఆకు మీద వాలింది. ఫొటో దొరికింది. మిగిలింది చోటు.

ఇక్కడో మాట చెప్పాలి. వల పట్టినవాడు చేపలు ఎక్కడ పడ్డాయో అన్నదమ్ముడికైనా చెప్పడు. ఉత్తరాన పడితే దక్షిణాన అంటాడు. ఏ తీరంలోనూ దాన్ని అబద్ధమనగా వినలేదు. పోతురాజు గుర్తు కూడా రెండు కాలవల అవతల పడింది.

"గుంపులో వందమంది చూస్తారు కదండి. దిగిపోయి పట్టుకుపోతారనుకున్నాను. మేడంగారొస్తే నేనే తీసుకెళ్దునండి," అన్నాడు నాతో.

మేడంగారు అతనికి చెప్పకుండానే అధికారుల్ని వెంటబెట్టుకుని, మ్యాపు చూసుకుంటూ నేరుగా అక్కడికే వెళ్లారు. రెండు రోజులు వెతికారు. ఏమీ లేదని రాసుకుని పోయారు. ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేస్తే పోతురాజు నిజం చెప్పాడు.

దానికి ఆవిడ అన్నారట: "ఇంకోసారి రమ్మంటే అధికారులు రారండి. అసలా ఫొటో ఈ జిల్లాలో తీసిందేనా అని నన్నే అడుగుతున్నారు."

నాలుగో రోజు పొక్లెయిన్లు దిగాయి. తోపంతా నరకడానికి ఒక్క పూటే పట్టింది. పోతురాజు ఇప్పుడు ఆ చెరువుకే మేత చల్లుతున్నాడు. ఫొటోలు మానేశాడు. ఈసారి నేనున్న మూడు రోజుల్లో జెల్ల ఒకటి భుజం మీద వాలితే తలైనా తిప్పలేదు. మరిడమ్మ కూడా వేళాకోళం మానేసింది.

వెళ్లేరోజు, నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్న చెరువు గట్టు మీద నిలబడి, అదెక్కడ వాలిందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

చేయి చాచి చూపించాడు. "అదిగోనండి, ఆ మూడో చక్రం దగ్గర. ఒంటిగా ఓ మడచెట్టుండేది. సరిగ్గా అక్కడే."

చక్రం నీళ్లు చిమ్ముతూ తిరుగుతోంది. అతను మేత బస్తా భుజానికెత్తుకున్నాడు.