టిస్‌డేల్ తాత ఎడమ చెయ్యి

ఎలార్డ్ టిస్‌డేల్ తాత తుపాకీ తియ్యబోయి పోలీసుకు దొరికిపోయాడని మా పేటంతా పుకారు. ఎదురుగా పెట్రోల్ బంకులో ఉన్నవాళ్ళెవరో దూరం నుంచి చూశారట. మంగలి షాపు జూనియస్ అయితే, "కుర్చీలోంచి లేవాలంటే నేను పట్టుకోవాలి, ఈయన పోలీసు మీదికి పోయాడా!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు.

తాతకు మాత్రం నవ్వు రాలేదు. కారు ఆపిన పోలీసు ముందుగా కారణం చెప్పి తీరాలనే చట్టం కోసం, ఆయన గురువారం రాజధానికి వెళ్ళి శాసనసభ్యుల ముందు మాట్లాడాలి. ఈ పుకారు అక్కడికి చేరితే ఆయన మాట ఎవరు నమ్ముతారు?

అది జరిగిన ఆదివారం నేను తాత కారు వెనక సీట్లో ఉన్నాను. బడి మానేశాక నేను తాత దగ్గర చర్చి గుమ్మం పని నేర్చుకుంటున్నాను. వచ్చినవాళ్ళను సీట్లకు చేర్చాలి. నోరు మెదపకూడదు, అన్నీ చేతి సైగలే. చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, ఎడమ పిడికిలి నడుము వెనక పెట్టుకుని నిటారుగా నిలబడాలి.

ప్రార్థన అయ్యాక ఇంటికి వస్తుంటే వెనక పోలీసు లైట్లు వెలిగాయి. తాత కారాపి, తొడుగుల చేతులు రెండూ స్టీరింగ్ మీద పరిచాడు. మా నల్లవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు మొదట నేర్పేది అదే.

"కారెవరిది?" అన్నాడు తెల్ల కుర్ర పోలీసు.

"నాదే సార్. ఎందుకు ఆపారో చెప్తారా?"

"నన్నే అడుగుతున్నావా? దిగు కిందికి!"

తాత దిగి నిటారుగా నిలబడ్డాడు. అలా నిలబడగానే ఎడమ చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళిపోయింది.

పోలీసు తుపాకీ బయటికి వచ్చింది. "చేతులు! చేతులు చూపించు!"

"ఇవిగో సార్" అని తాత కుడి చెయ్యి చాపాడు.

"రెండోది!"

"రెండూ ఇక్కడే ఉన్నాయి సార్."

అబద్ధం కాదు, ఆయన అలాగే అనుకుంటున్నాడు. మెల్లగా రెండు అరచేతులూ కిటికీ అద్దానికి ఆనించాను. చర్చిలో అది 'వెనక పెట్టిన చెయ్యి ఇక దించు' అనే సైగ. తాత చూపు నా మీద పడింది. సైగ కనబడితే ఆయన ఎందుకని అడగడు. పిడికిలి విడిపోయి, చెయ్యి ముందుకు వచ్చింది. తొడుగు తప్ప అందులో ఏమీ లేదు.

"పొండి" అని పోలీసు వెళ్ళిపోయాడు.

గురువారం రానే వచ్చింది. పుకారు మాకంటే ముందే రాజధానికి చేరింది.

"మీ వీపు వెనక ఏముంది?" అని అడిగిందొక సభ్యురాలు.

"నా చెయ్యేనమ్మా." తాత లేచి, చర్చి గుమ్మంలో నిలబడినట్టు నిలబడి చూపించాడు.

ఆవిడ ఆ పిడికిలి వైపు చూసి అడిగింది. "ఇంతకీ మీ కారు ఎందుకు ఆపారు?"

"అది నాకింకా ఎవరూ చెప్పలేదమ్మా."