తెల్లగా వదిలిన పంక్తులు

మాంట్రియల్‌లో మేం అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. తొంభైకి దగ్గరపడిన పోర్చుగీసు ఆవిడ. చూపు మందగించడంతో ఆదివారం మధ్యాహ్నాలు నేను కిందికి దిగి పేపరు చదివి వినిపించేదాన్ని. బయట మంచు కురుస్తుండేది. హీటరు వెచ్చదనానికి ఇద్దరికీ కళ్లు మూతలు పడేవి. ఆవిడ కథ సగం అలాంటి మగతలోనే విన్నాను. చెప్పింది ఇంగ్లిషులో, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"మా నాన్న లిస్బన్‌లో ఒక పత్రికలో అక్షరాలు కూర్చేవాడు. ఆయనకు ఇరవై దాటాక సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసింది. అప్పట్నుంచి ప్రతి పేజీ అచ్చుకు ముందు ఒక సైనికాధికారి చూడాలి. ఆ అధికారి కొట్టేసిన వాక్యాలు తీసేసి, ఆ చోటు తెల్లగా వదిలేవాడు నాన్న."

"చదివేవాళ్లకు తెలిసిపోదా ఆంటీ?"

"తెలిసేది. అందుకే తెల్లచోట్లు కూడా ఉండకూడదన్నారు. ఏదో ఒకటి పెట్టి నింపమన్నారు. ఒకరోజు నాన్న నింపలేదు."

విచారణ కూడా లేకుండా ఆయన్ని ఓడెక్కించి అట్లాంటిక్ మధ్య దీవులకు పంపేశారు. ఆయన అక్కడే పెళ్లి చేసుకున్నాడు, ఈవిడ అక్కడే పుట్టింది. సాయంత్రాలు కూతురికి పేపరు చదివి వినిపిస్తూ మధ్యలో ఆగి, "ఇక్కడ ఇంకేదో ఉండాలి" అని సముద్రం వైపు చూసేవాడట.

"ఆయన ఆగిన చోటల్లా నేను తిమింగలాలను ఊహించుకునేదాన్ని" అంది ఆవిడ.

పంతొమ్మిదేళ్లకు ఆవిడ బట్టలు కుట్టే పనికి కెనడా వచ్చింది. తండ్రి ఆ దీవిలోనే పోయాడు. ఇదంతా విన్నాక, చదువుతూ తలెత్తితే నేనెన్నడూ చూడని రేవు ఒకటి కిటికీ అవతల మంచులో లీలగా కనిపించేది.

ఆ ఏడు ఎన్నికల రోజున, ఓటేయడానికి తీసుకెళ్తావా అని అడిగింది.

"పోస్టల్ ఓటుకి అప్లై చేస్తే సరిపోయేది కదా, ఈ వర్షంలో ఎందుకు?" అన్నారు మా వారు.

"వెళ్లే వేస్తానంటోంది. నేను డ్రైవ్ చేస్తాలెండి" అన్నాను.

నాకింకా సిటిజన్‌షిప్ రాలేదు. పోలింగ్ గది బయట వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది.

"ఇంతసేపు పట్టిందేం ఆంటీ?"

"భూతద్దం ఇచ్చారు. అన్ని పేర్లూ చదివాను. మా నాన్న జీవితంలో ఒక్కసారే ఓటేశాడు, సైన్యం రాకముందు. నాకు తొందరేముంది?"

కారెక్కగానే నిద్రపోయింది. ఇల్లు వచ్చింది. లేపబుద్ధి కాక, వానలో ఇంకో రెండు వీధులు మెల్లగా తిప్పాను.