సుబేదారుకు వీధి కావాలన్న టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయారన్న కబురు పొద్దున్నే ఆసుపత్రి నుంచి నేనే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దాని కింద దండాల బొమ్మల మధ్య ఎవరో రాశారు: "కుక్క ఒకటే ఏడ్పు ఏడ్సింది. అప్పుడే అనుకున్న, ఏదో కీడున్నదని." అది చదివాక నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

టీచరమ్మ గుంటూరు వైపు నుంచి మల్కాజ్‌గిరి వచ్చి, పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇంటి వెనక పెద్ద పెరడు, జామచెట్టు, దాని నీడలో సుబేదారు. సుబేదారంటే ఆవిడ కుక్క. మీసాలు చూసి ఆవిడే పెట్టిన పేరు.

అంత పెరడుండీ, ఆవిడ రెండు పూటలా లీష్ వేసి వాణ్ణి వీధిలోకి తీసుకెళ్ళేవారు. కాలనీ సంఘం సెక్రటరీ గారికి ఆ పని అస్సలు గిట్టేది కాదు.

"గంత పెద్ద పెరడు పెట్టుకొని రోడ్డు మీద తిప్పుడేంది టీచరమ్మా? అందరు పరేషాన్ అయితున్నరు."

"మీకూ ఇల్లుంది కదండీ. మరి సాయంత్రమైతే బజారు మీద ఎందుకు పడతారు?"

ఆవిడ వెంట ఎప్పుడూ ఓ కవరు ఉండేది. వాడు చేసింది తనే ఎత్తేవారు. అందుకే మా కాలనీలో ఎవరికీ జంకేవారు కాదు.

అలాగని పెరడంటే చులకనా లేదు. ఎండాకాలంలో బయల్దేరేముందు రోడ్డుకు అరచెయ్యి ఆనించి చూసేవారు. చురుక్కుమంటే ఆ పూట షికారు బంద్. చపాతీ ముక్కలు జామాకుల కింద దాచి వెతకమనేవారు, తనూ కుచ్చిళ్ళు ఎగదోపి వాడి వెంట పరుగెత్తేవారు. "పెరట్లో ఒంటరిగా వదిలేస్తే అది ఆట కాదమ్మా, కాపలా" అనేవారు నాతో.

ఆఖరి రోజుల్లో ఆవిడ ఆసుపత్రిలో ఉంటే కూతురూ నేనూ అక్కడే ఉన్నాం. ఇల్లు చూసుకునే చుట్టాలు గిన్నెలో అన్నం పెట్టి పెరటి తలుపు వేసేసేవారు. సుబేదారు ఏడ్చింది అందుకు. చావు కనబడి కాదు, షికారు లేక. "వాణ్ణి ఎవరైనా బయటికి తీసుకెళ్తున్నారా?" అని టీచరమ్మ మంచం మీంచి అడిగారు.

సమాధి చేశాక టీచరమ్మ ఇంట్లో చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాటలయ్యాక అందరూ టీ తాగుతుంటే సెక్రటరీ గారు కూతురి దగ్గరికొచ్చారు. "అరిష్టపు కుక్కమ్మా అది. ఎక్కడన్న ఇడిసిపెట్టు. లేకుంటే పెరట్లనే కట్టేయ్, బయటికి మాత్రం తేవద్దు."

కూతురిది బన్సీలాల్‌పేట్‌లో చిన్న అద్దె వాటా. అక్కడ కుక్కను రానివ్వరు. ఆమె నా వైపు చూసింది. నేను కప్పు కింద పెట్టాను.

"అది ఏడ్సింది బయటికి తీస్కపోక. ఇగ నుంచి మా ఇంట్ల ఉంటది. రెండు పూటల నేనే తిప్పుత. ఎవరికన్న తక్లీఫ్ ఉంటే నాతోని మాట్లాడుమను."

అక్కడి నుంచే లీష్ తీసుకుని వాణ్ణి బయటికి నడిపించాను.

మా సందు ఇరుకు. సుబేదారు తోకెత్తి నడిమధ్యన నడుస్తున్నాడు. కాసేపటికి వెనక సెక్రటరీ గారి స్కూటర్ హారన్ మోగింది. వాడు పక్కకు జరగలేదు, నేనూ లాగలేదు. మెయిన్ రోడ్డు దాకా ఆయన కాళ్ళు నేలకానించుకుంటూ మా వెనకే వచ్చారు.