పక్కింటి అక్కకు నేను చెప్పిన పాఠం

నా చిన్నప్పుడు గురజాల దగ్గర మా ఊళ్లో చదువంటే వల్లె వేయడమే. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా చదువుతున్నట్టు. ఆ విద్యలో నేను ఘటికురాలిని. అయినా ఏడో తరగతి హాఫ్ ఇయర్లీలో ప్రశ్న కాస్త మార్చి అడిగేసరికి సైన్సు తప్పాను. మా నాన్న ఒక్కటే మాట అన్నాడు: "పబ్లిక్ పరీక్ష కూడా ఇట్టాగే తప్పితే బడి మానేసి మీ అమ్మతో మిరపకోతకు పో." ఆయన అన్నాడంటే అన్నట్టే.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. యూనివర్సిటీలో చదివే పక్కింటి అక్క సెలవులకు వస్తే, పాఠం చెప్పించుకోమని అమ్మ నన్ను తోలింది. అక్క పుస్తకం తెరవలేదు సరికదా, నన్ను మంచమ్మీద కూర్చోబెట్టి, తాను కింద బాసింపట్టు వేసుకుంది. "నువ్వే టీచరువి, చెప్పు" అంది. యూనివర్సిటీలో వాళ్ల సారు క్లాసులో పిల్లల చేతే పాఠం చెప్పిస్తాడట. ఇదెక్కడి చోద్యమమ్మా అనుకున్నాను.

సైన్సు పుస్తకంలో ఉన్నట్టే, ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుందని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"ఎందుకు టీచరుగారూ?"

మళ్లీ మొదటినుంచీ అప్పజెప్పాను.

"నాకు అర్థం కాలా."

చివరికి ఏడుపొచ్చేసింది. "నాకూ తెలీదక్కా!"

అక్క నవ్వలేదు. "హమ్మయ్య, ఇప్పుడు మొదలుపెడదాం. ఇట్టాంటిది ఇంట్లో ఏడన్నా చూశావేమో గుర్తు తెచ్చుకో" అని ఊరుకుంది. ఎంత బతిమాలినా ఇంకో ముక్క చెప్పలేదు. కోపంతో మొండిగా కూర్చున్నాను. అంతలో మా అమ్మ మాగాయకని మామిడి ముక్కలకు ఉప్పు పట్టించడం తలపుకొచ్చింది. చుక్క నీళ్లు పోయకుండానే తెల్లారేసరికి జాడీలో ఊట!

"ఉప్పు ముక్కలో నీళ్లను బయటికి లాగిందక్కా! ద్రాక్షకు లోపలే తీపి ఎక్కువ గదా, అందుకని అది నీళ్లను లోపలికి లాక్కుంటది!"

"చానా బాగా చెప్పారు టీచరుగారూ" అంది అక్క. ఆ సంతోషం ఏమని చెప్పను!

పబ్లిక్ పరీక్షలో ఆ ఎండుద్రాక్ష ప్రశ్నే వచ్చింది, అదీ తిప్పే ఇచ్చారు. మాగాయ సంగతే రాసి గట్టెక్కాను. ఎనిమిదిలో చేర్పించడానికి నాన్న తానే వెంట వచ్చాడు.

తర్వాత నరసరావుపేటలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నోట్సు చెప్పండి మేడం అని వాళ్లు ఎంత గోల పెట్టినా, ముందు వాళ్ల చేతే చెప్పించేదాన్ని. తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు, తిట్టుకోనీ. ఎవరైనా గడగడా అప్పజెబుతుంటే నాకిప్పటికీ గుండెల్లో భయమే. తడబడుతూ, మధ్యలో ఆగి, ఆలోచించుకుని సొంతమాటల్లో చెప్పే పిల్లను చూస్తే మాత్రం దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది.